పుణ్యానికొచ్చిన అక్షరానికీ ఒక కాగితముండాది

ఎర్రగుంట్లలో ఏ ఫ్లెక్సీ షాపుకైనా పోయి చూడండి. పెండ్లి బ్యానరు, నాయకుని పుట్టినరోజు, సిమెంటు డీలరు బోర్డు, అన్నీ పదో పన్నెండో ఫాంట్లతోనే అయిపోతాంటాయి. ఆ అక్షరాలు ఎవురు గీసినారబ్బా అంటే మాత్రం జవాబుండదు.

ఫాంటంటే సగం బొమ్మ, సగం ప్రోగ్రాము. 'క' గీసేస్తే పని అయిపోదు. 'లక్ష్మి' అని కొడితే ఒత్తు యాడ కూచోవల్ల, గుడి యాడ తగలల్ల, ఇట్లా ఒక్కోదానికీ నియమం రాయల్ల. తెలుగులో ఈ పని శానా ఎక్కువ.

చట్టం దగ్గర ఒక తిరకాసు ఉండాది. 1957 కాపీరైట్ చట్టంలో కంప్యూటర్ ప్రోగ్రాముకు హక్కుంది, రిజిస్టరు చేయకపోయినా ఉంది. ఉత్త అక్షరం రూపానికి మాత్రం గట్టి హక్కు దొరకడం కష్టం. కాపీరైట్ బోర్డే ఒకప్పుడు ఒప్పుకోలేదు. అంటే గోడల మింద ముప్పై ఏండ్లు అక్షరాలు రాసిన పెయింటరు చేతివాటాన్ని ఎవురన్నా ఫోటో తీసి ఫాంటు చేస్తే, హక్కు పెయింటరుకు కాదు, ఫైలు చేసినోనికి పోయే ప్రమాదముండాది. ఫ్లెక్సీ వచ్చి పని పోగొట్టుకున్నోళ్లకి ఇది రెండో దెబ్బ.

ఇంగ 'ఫ్రీ ఫాంట్ల' సంగతి. సిలికానాంధ్ర 2013 ప్రాంతంలో మల్లన్న, పెద్దన, ఎన్టీఆర్ లాంటి ఫాంట్లను ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కింద ఇచ్చింది. గుత్తుల పురుషోత్ కుమార్, దర్భా అప్పాజీ అంబరీష లాంటోళ్లు తయారుచేసినారు. బ్యానరు కొట్టి దుడ్లు తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచొచ్చు. కానీ ఫాంటును విడిగా అమ్మగూడదు. మార్చినదాన్నీ అదే లైసెన్సుతోనే ఇయ్యల్ల. చేసినోళ్ల కాపీరైట్ మాట చెరపగూడదు. పుణ్యానికి ఇచ్చినారంటే దిక్కులేనిదని కాదు గదా!

కొందరు ఇంకో అడుగు ముందుకేసి, 'నా పనితో మనుషుల హక్కులు తొక్కగూడదు' అని లైసెన్సులోనే రాస్తాండారు. 2019లో కొరలైన్ ఆడా ఎమ్కీ తెచ్చిన హిపోక్రటిక్ లైసెన్స్ అట్లాంటిదే. ఉద్దేశం మంచిదే. అయితే అట్లా షరతు పెడితే ఓపెన్ సోర్స్ కిందికి రాదు. పైగా ఎవురు తప్పినారో కనిపెట్టేదెవురు? నా మటుకు, ముందు మన ఊరి పెయింటరుతో న్యాయంగా ఉంటే శానా నయం.

దానికి ఒక చిన్న ఒప్పందం చాలు. ఆయన పేరు ఫైలులో ఉంటుందా, దుడ్లు ఒక్కసారేనా, వాటా ఉంటుందా అనేది అందులో రాసుకోవల్ల. గడువు, చోటు కూడా రాయండి. హక్కు రాసిచ్చే పత్రంలో ఏండ్లు లేకుంటే చట్టం 5 ఏండ్లే అనుకుంటాది, చోటు లేకుంటే ఇండియా వరకే. ఆ పత్రం పెట్టుకొని లోకమంతటికీ, ఎప్పటికీ అని ఫాంటు వదిలితే, అయిదేండ్లు దాటినాక చిక్కు వచ్చేది ఫాంటు చేసిన పిల్లోనికే.