డాక్టరు వచ్చేలోపు

పల్లెలో పశువుల డాక్టరు కొట్టం దగ్గరికి చేరేసరికి సగం వైద్యం అప్పటికే అయిపోయి ఉంటుంది. గొట్టంతో నూనె పట్టించి ఉంటారు, డొక్క మీద వాత పెట్టి ఉంటారు, మెడికల్ షాపు నుంచి ఏదో సూదిమందు తెచ్చి పొడిచి ఉంటారు. అన్నీ అయ్యాక ఫోను. పట్టించుకోక పశువును పోగొట్టుకునే రైతు అరుదు. చూస్తూ ఊరుకోలేక, ఏదో ఒకటి చేసి పోగొట్టుకునేవాళ్లే ఎక్కువ. ఈ వృత్తిలో నా కోపం రోగాల మీద కంటే ఆ ‘ఏదో ఒకటి’ మీదే.

అపోహ: ఈని పడిపోయిన పశువుకు నీరసం. గంజో, బెల్లం నీళ్లో, నూనో పట్టించాలి.

ఎక్కువ పాలిచ్చే ఆవు, గేదె ఈనిన ఒకటి రెండు రోజుల్లో ఉన్నట్టుండి కూలబడి, మెడ డొక్కవైపు తిప్పుకుని, చెవులు చల్లబడి పడుకుందంటే అది తిండి చాలక వచ్చిన నీరసం కాదు. ఒంట్లో సున్నం, అంటే కాల్షియం, ఒక్కసారిగా పొదుగులోకి పోయి రక్తంలో తగ్గిపోయింది. మూడో ఈత, ఆ పైన ఉన్నవాటికి ఈ ముప్పు ఎక్కువ. ఈ స్థితిలో కండరాలు పట్టు తప్పుతాయి, మింగడం కూడా చేతకాదు. అప్పుడు నాలుక బయటికి లాగిపట్టి, తల పైకెత్తి, వెదురు గొట్టంతో పోస్తే పోసినదంతా కడుపులోకి కాదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. సున్నం తగ్గిన పశువును సూదితో గంటలో లేపవచ్చు. ఊపిరితిత్తుల్లో నూనె దిగిన పశువును మాత్రం వారం తర్వాత కూడా కాపాడలేకపోతాం.

రక్తనాళంలోకి కాల్షియం సీసా ఎక్కిస్తుంటే ముందు ఒళ్లు వణుకుతుంది, త్రేన్పు వస్తుంది, పేడ వేస్తుంది, తర్వాత లేచి నిలబడుతుంది. చుట్టూ ఉన్నవాళ్ల కళ్లకు అది మహిమే. చిక్కంతా అక్కడే మొదలవుతుంది. మరుసటి ఏడు ఇంకో పశువు ఇంకో కారణంతో పడిపోతే, “అదే సీసా ఎక్కించండి డాక్టరుగారూ” అంటారు. కొందరు చేయి తిరిగిన కుర్రాణ్ణి పిలిపించి తామే ఎక్కించేస్తారు. ఆ మందు వేగంగా పోతే గుండె ఆగుతుంది. అందుకే ఒక చేత్తో సీసా, ఒక చెవిన స్టెతస్కోపు. పొదుగువాపు విషం ఒంటికెక్కి పడిపోయిన ఆవుకైతే ఆ సీసా వైద్యం కాదు, ప్రమాదం. డాక్టరు వచ్చేదాకా చేయదగ్గ పని ఒక్కటే: పశువు పక్కకు ఒరిగిపోకుండా రెండువైపులా గడ్డి మోపులో, గోనె మూటలో ఆనించి, రొమ్ము మీద కూర్చోబెట్టడం. నోట్లో చుక్క కూడా పోయకండి.

అపోహ: మాయ పడేదాకా దూడకు పాలు తాగించకూడదు.

ఇది ఎన్ని దూడల్ని తిన్నదో లెక్క లేదు. మనిషి బిడ్డకు తల్లి కడుపులోనే కొంత రోగనిరోధక శక్తి అందుతుంది. ఆవు దూడకూ గేదె దూడకూ అలా అందదు. అది ఉత్త చేతులతో పుడుతుంది. తల్లి ఇవ్వాల్సిందంతా ముర్రుపాలలోనే ఉంటుంది. దాన్ని నేరుగా రక్తంలోకి పీల్చుకునే గుణం దూడ పేగులకు గంటగంటకూ తగ్గుతూ, రోజు తిరిగేసరికి పోతుంది. కాబట్టి మొదటి గంటా రెండు గంటల్లోనే తాగాలి. మొదటి రోజు మొత్తం మీద దూడ బరువులో పదో వంతు, అంటే 30 కిలోల దూడకు 3 లీటర్లు. జున్ను వద్దని నేననను, నాకూ ఇష్టమే. దూడ వాటా పోయాక మిగిలిందే మన వాటా. పైగా దూడ చీకుతుంటే తల్లి ఒంట్లో ఊరే ఆక్సిటోసిన్ గర్భసంచిని ముడుచుకునేలా చేస్తుంది. మాయ పడటానికి సాయపడేదాన్నే మాయ పడలేదని ఆపేస్తున్నాం.

మాయ వేలాడుతుంటే దానికి చెప్పో ఇటుకో కట్టే అలవాటు ఇంకా పోలేదు. మాయ గర్భసంచికి దాదాపు నూరు చోట్ల, గుండీలు కాజాల్లో ఇమిడినట్టు, అతుక్కుని ఉంటుంది. బరువు కడితే తెగి సగం లోపలే కుళ్లుతుంది, ఒక్కోసారి గర్భసంచే బయటికి వచ్చేస్తుంది. మామూలుగా 8 నుంచి 12 గంటల్లో అదే పడుతుంది. పడకపోతే పిలవండి. అయితే చేయి పెట్టి లాగెయ్యమని నన్ను బలవంతపెట్టకండి, ఇప్పుడు మేమూ అలా లాగం. జ్వరం ఉందా, మేత తింటోందా చూసి దానికి తగ్గ మందు ఇస్తాం.

ఈ సందర్భంలోనే ఇంకో మాట. ఐదో నెల దాటాక ఈసుకుపోయిన పశువు మాయను, పిండాన్ని ఉత్త చేతులతో ఎత్తి పెంటకుప్ప మీద పడెయ్యడం చూస్తుంటాను. అది బ్రూసెల్లా అయితే పట్టినవాడికీ అంటుతుంది. వచ్చి పోయే జ్వరాలు, కీళ్ల నొప్పులతో ఏళ్ల తరబడి తిప్పలు పెడుతుంది. మా వృత్తిలోనూ దాని బారిన పడేవాళ్లున్నారు. లోతుగా గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చాలి, పాలు కాచే తాగాలి. ఆడదూడలకు 4 నుంచి 8 నెలల వయసులో ఒకే ఒక్క టీకా చాలు.

అపోహ: గేదెను దొర్లిస్తే కడుపులో దూడ చచ్చిపోతుంది.

నెలలు నిండి, నొప్పులు పడుతూ, గంటలు గడిచినా ఉమ్మనీటి సంచి కూడా కనపడని గేదె ఉంటే నాకు ముందు తట్టేది గర్భసంచి మెలిక. గేదెల్లో కష్టకాన్పులకు పెద్ద కారణం ఇదే. భుజం దాకా చేయి పెడితే దారి మెలితిరిగి ఇరుకై తగులుతుంది. అక్కడ బలంగా లాగేవాళ్లు పదిమంది ఉన్నా ప్రయోజనం లేదు. కొన్నిచోట్ల ట్రాక్టరుకు కట్టి లాగిన ఘనులూ ఉన్నారు. మెలిక ఉండగా లాగితే గర్భసంచి చిరుగుతుంది, అంతే.

మేం చేసేది చూడటానికి మొరటుగానే ఉంటుంది. మెలిక ఏ పక్కకు ఉందో, చాలాసార్లు కుడి పక్కకే ఉంటుంది, ఆ పక్కకు గేదెను పడుకోబెడతాం. ముందు కాళ్లు ఒక తాడుకు, వెనక కాళ్లు ఒక తాడుకు. పొట్ట మీద పొడవాటి చెక్కపలక వాలుగా ఆనించి, నేల మీదున్న కొసన ఒక మనిషిని నిలబెడతాం. అప్పుడు తాళ్లు పట్టి మెలిక ఉన్న వైపుకే దొర్లిస్తాం. పలక కింద దూడ కదలదు, చుట్టూ గేదె ఒళ్లు తిరుగుతుంది, మెలిక విడిపోతుంది. ఇంటి పెద్దావిడ గుమ్మంలో నిలబడి శాపనార్థాలు పెడుతూనే ఉంటుంది. ఒకటి రెండు దొర్లింపులకు దారి తెరుచుకుని ఉమ్మనీరు బయటికి దూకితే ఆవిడే వేడినీళ్లు తెస్తుంది. ఎప్పుడూ ఇలాగే జరుగుతుందని చెప్పను. ఒకరోజు దాటాక పిలిస్తే దూడ మిగలడం కష్టం, తల్లికి కోత తప్పకపోవచ్చు.

పెళ్లిలో మిగిలిన అన్నం గేదెకు పెడితే బలమనేది ఇంకో అపోహ. రోజూ గడ్డి అరిగించే కడుపు అది. ఒక్కసారిగా రెండు గంపల అన్నమో, పిండో పడితే లోపలి సూక్ష్మజీవులు దాన్ని పులియబెట్టి ఆమ్లం చేస్తాయి. ఆ ఆమ్లం రక్తంలోకి ఎక్కుతుంది, ఒంట్లో నీరు ఇంకిపోతుంది, ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోవచ్చు. ముహూర్తాల నెలల్లో ఇలాంటి పిలుపులు వస్తూనే ఉంటాయి. పశువు ఎంత తిన్నదో దాచకుండా చెబితే సగం పని అయినట్టే. ‘కొంచెమే పెట్టాం’ అనే మాట మాత్రం నేను నమ్మడం మానేశాను.

అపోహ: సొంగ కారుస్తూ మింగలేకపోతోందంటే గొంతులో ఏదో అడ్డం పడింది. చేయి పెట్టి తీసెయ్యాలి.

మామిడి టెంక అడ్డం పడటం నిజమే, జరుగుతుంది. కానీ గొంతు బొంగురుపోయి పదేపదే అరుస్తూ, సొంగ కారుస్తూ, మనుషుల మీదికి వస్తూ ఉంటే అది పిచ్చికుక్క కాటు కావచ్చు. ఎప్పుడో కరిచిన కుక్క ఎవరికీ గుర్తుండదు. ఆ నోట్లో చేయి పెట్టడమంటే మరణాన్ని ముట్టుకోవడమే. లక్షణాలు బయటపడ్డ రేబిస్‌కు మనిషికైనా పశువుకైనా మందు లేదు. చేయి పెట్టేసి ఉంటే సబ్బుతో, పారే నీటి కింద 15 నిమిషాలు కడిగి అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. కుక్క కరిచిన పశువుకూ ఆలస్యం లేకుండా వరుస టీకాలు ఉన్నాయి.

గాలికుంటు టీకా వేస్తే పాలు తగ్గుతాయని కొట్టం తలుపు వేసుకునే ఇళ్లున్నాయి. తగ్గుతాయి, రెండు మూడు రోజులు. రోగం వస్తే ఆ ఈతంతా తగ్గుతాయి, గిట్టలు పుండ్లు పడతాయి, పాలు తాగే దూడలు గుండె దెబ్బతిని చచ్చిపోతాయి. 2019 నుంచి దేశమంతటా ఆరు నెలలకోసారి ఉచితంగా వేస్తున్నారు. ‘వేయించినా వచ్చింది’ అనేవాళ్లు ఎప్పుడు వేయించారో అడగండి. పక్క ఊరికి రోగం వచ్చాక వేయిస్తే ఒంట్లో బలం కూడటానికి రెండు మూడు వారాలు పడుతుంది, వైరస్ అంతసేపు ఆగదు.

మనుషుల నొప్పి సూది పశువుకూ పనిచేస్తుందనే నమ్మకంతో షాపులో డైక్లోఫినాక్ కొనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పశువులకు దాన్ని 2006లోనే నిషేధించారు. ఆ మందు ఒంట్లో ఉండగా చనిపోయిన పశువును తిన్న రాబందులు మూత్రపిండాలు పాడై చచ్చిపోవడమే కారణం. మెలాక్సికామ్ దానికి బదులు ఉంది.

చివరిగా, ‘ఈ గేదె ఎప్పుడూ దున్నలనే ఈనుతుంది, అమ్మేద్దాం’ అనేవాళ్లకు. దూడ ఆడో మగో తేల్చేది దున్న వీర్యం, గేదె కాదు. ఇదే నింద చాలా ఇళ్లలో కోడళ్ల మీదా పడుతుంటుంది, అది వేరే కథ. ఆడదూడే కావాలంటే లింగ నిర్ధారిత వీర్యం దొరుకుతోంది, సుమారు 90 శాతం ఆడదూడలు పుడతాయి. కానీ వీర్యం ఎంత మంచిదైనా ఎద పట్టుకోకపోతే వృథా. గేదె ఆవులా అరిచి గోల చెయ్యదు, ఎండాకాలంలో మరీ మూగ ఎద. తెల్లవారుజామున, రాత్రి పడుకోబోయే ముందు వెనక నిలబడి జిగురు తీగలు వేస్తోందా చూడాలి. పొద్దున ఎదకొస్తే సాయంత్రం, సాయంత్రం వస్తే మర్నాడు పొద్దున కట్టించాలి.