ఇంజనీర్లు – యుద్ధరంగంలో, ప్రజాజీవితంలో

బెంగుళూరు నగరం సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉన్నది. దాని చెంత పెద్ద నది ఏదీ ప్రవహించదు. అయినా నగరంలోని లక్షలాది ఇళ్ళలో కుళాయి తిప్పితే నీరు వస్తుంది. ఈ నీటిలో ఎక్కువ భాగం సుమారు వంద కిలోమీటర్ల దూరంలోని కావేరీనది నుంచి వస్తున్నది. పల్లంలో పారే నదిని పెద్ద పెద్ద పంపులతో, అంచెలంచెలుగా, దాదాపు 500 మీటర్ల ఎత్తుకు ఎక్కించి నగరానికి చేరుస్తున్నారు. ఈ పథకం మొదటి దశ 1974లో పూర్తయింది. నీళ్ళు పట్టుకొనేటప్పుడు మనకు ఆ పంపులు గాని, ఆ గొట్టాలు గాని, వాటి లెక్కలు కట్టినవారు గాని గుర్తుకురారు. ఇంజనీరు పని చక్కగా సాగినంతకాలం ఎవరి కంటా పడదు. అది ఆగిపోయిన నాడే దాని విలువ తెలుస్తుంది.

ఇంజనీరు అనగానే మనకు ఆనకట్టలు, వంతెనలు, యంత్రాలు తలపునకు వస్తాయి. కాని ఈ వృత్తి పుట్టింది సైన్యంలో. పూర్వం ఐరోపాలో కోటలు కట్టేవారిని, శత్రువుల కోటగోడలను కూల్చే యంత్రాలను తయారుచేసేవారిని ఇంజనీర్లు అనేవారు. పద్దెనిమిదవ శతాబ్దంలో ఇంగ్లండులో జాన్ స్మీటన్ అనే ఆయన దీపస్తంభాలు, కాలువలు, వంతెనలు నిర్మించాడు. తాను సైన్యానికి గాక సాధారణ ప్రజలకు పనిచేస్తున్నానని తెలపడానికి ఆయన తనను ‘సివిల్ ఇంజనీరు’ అని చెప్పుకొన్నాడు. ‘సివిల్’ అంటే పౌరులకు సంబంధించినది అని అర్థం. ఈనాడు మనం వాడుతున్న సివిల్ ఇంజనీరు అనే పేరు ఆ విధంగా స్థిరపడింది.

ఈ రెండు శాఖలనూ ఒకేచోట చూడదలచినవారికి బెంగుళూరు తగిన నగరం. నగరం నడుమ అలసూరు చెరువు పక్కన మద్రాస్ ఇంజనీర్ గ్రూప్ కేంద్రం ఉన్నది. ఈ దళం 1780లో ‘మద్రాస్ పయొనీర్స్’ అనే పేరుతో రెండు కంపెనీలతో మొదలైంది. ఇందులోని సైనికులను ‘మద్రాస్ సాపర్లు’ అంటారు. తెలుగు, తమిళం, కన్నడం, మలయాళం మాట్లాడే యువకులు ఇందులో కలిసి పనిచేస్తారు. సైన్యంలో వీరిని ఆప్యాయంగా ‘తంబి’ అని, అంటే తమ్ముడు అని, పిలుస్తారు. భారత సైన్యపు ఇంజనీర్ల దళానికి ‘సర్వత్ర’ అనేది ఆదర్శవాక్యం. అన్నిచోట్లా అని దాని అర్థం. దారి లేనిచోట దారి వేయడం, నది అడ్డువస్తే వంతెన కట్టడం, శత్రువు పాతిపెట్టిన మందుపాతరలను వెలికితీయడం, ఎడారిలోనైనా మంచుకొండల్లోనైనా సైనికులకు తాగునీరు, బస ఏర్పాటు చేయడం వీరి విధులు. సైన్యం ముందుకు సాగాలంటే సాపర్లు దానికంటే ముందు నడవాలి.

యుద్ధంలో ముళ్ళకంచెలు పెద్ద అడ్డంకి. వాటిని కత్తిరించడానికి దగ్గరకు వెళ్ళిన సైనికులు తుపాకిగుండ్లకు బలి అయ్యేవారు. 1912లో బెంగుళూరులో ఈ దళానికి చెందిన కెప్టెన్ మెక్‌క్లింటాక్ దీనికి ఒక ఉపాయం కనిపెట్టాడు. పేలుడుమందు నింపిన గొట్టాలను ఒకదానికొకటి తగిలించి, చాటున ఉండే కంచె కిందికి తోసి పేల్చడమే ఆ ఉపాయం. దీనికి ‘బెంగుళూరు టార్పెడో’ అని పేరు వచ్చింది. రెండు ప్రపంచయుద్ధాలలోనూ దీనిని వాడారు. 1944 జూన్‌లో ఫ్రాన్సు దేశపు నార్మండీ తీరంలో దిగిన సైనికుల చేతుల్లో కూడా మన నగరం పేరుగల ఈ సాధనం ఉన్నది.

అదే సంవత్సరం ఫిబ్రవరి 24న ఇటలీలో మద్రాస్ సాపర్లు మందుపాతరలు తొలగిస్తున్నారు. ఒక పాతర పేలబోతున్నదని సుబేదార్ సుబ్రమణియన్ గ్రహించాడు. పారిపోవడానికి క్షణాల వ్యవధి మాత్రమే ఉంది. ఆయన తన శరీరాన్ని ఆ పాతరపై పడవేసి తోటివారిని కాపాడి, తాను ప్రాణాలు కోల్పోయాడు. మరణానంతరం ఆయనకు జార్జి క్రాస్ పతకం లభించింది. పాతరను పాతడానికి కొద్ది నిమిషాలు చాలు. దానిని తీయడానికి ఎంతో నేర్పు, ఓర్పు, ధైర్యం కావాలి.

సైన్యంలో నేర్చిన విద్య ప్రజలకు ఉపయోగపడిన సందర్భాలు మన ప్రాంతంలో చాలా ఉన్నాయి. మద్రాసు ఇంజనీర్ల దళానికి చెందిన రిచర్డ్ శాంకీ మైసూరు రాజ్యానికి చీఫ్ ఇంజనీరుగా పనిచేశాడు. నేడు కర్ణాటక హైకోర్టు ఉన్న అఠారా కచేరి, దాని ఎదుటి కబ్బన్ పార్కు ఆయన రూపకల్పనలే. నగరవాసుల నీటి అవసరాల కోసం 1882లో ఏర్పడిన చెరువు ఆయన పేరుతోనే నిలిచి ఉన్నది. జోలీ డి లాట్‌బినియర్ అనే మరొక సైనిక ఇంజనీరు శివనసముద్రం జలపాతం నుంచి విద్యుత్తు తీయవచ్చునని సూచించాడు. 1902లో అక్కడ పుట్టిన విద్యుత్తు దాదాపు 150 కిలోమీటర్ల దూరం ప్రయాణించి కోలారు బంగారు గనులకు చేరింది. 1905లో బెంగుళూరు వీధులలో విద్యుద్దీపాలు వెలిగాయి.

గోదావరి జిల్లాల ప్రజలు ఈనాటికీ కృతజ్ఞతతో తలచుకొనే సర్ ఆర్థర్ కాటన్ కూడా సైనిక ఇంజనీరే. గోదావరీతీరం 1830 దశకంలో కరువుతో, తుపానుతో అల్లాడిపోయింది. నిండుగా పారే నది పక్కనే ప్రజలు ఆకలితో మరణించారు. ధవళేశ్వరం వద్ద ఆనకట్ట కడితే ఈ దుస్థితి తొలగుతుందని కాటన్ ప్రభుత్వాన్ని ఒప్పించాడు. 1847లో మొదలైన పని 1852లో పూర్తయింది. అక్కడ నది అడుగున ఉన్నది ఇసుక. ఇసుకపై కట్టడం ఎలా నిలుస్తుందో ఆయన కావేరిపై ఉన్న ప్రాచీనమైన కల్లణై ఆనకట్టను చూసి తెలుసుకొన్నాడు. ఆ విద్యను పేరు తెలియని మన పూర్వికుల నుంచే నేర్చుకొన్నానని ఆయన దాచకుండా చెప్పాడు. పాత ఆనకట్టకు బదులుగా 1982 నాటికి కొత్త బారేజీ సిద్ధమైంది. దానికి కూడా కాటన్ పేరే పెట్టారు.

సైన్యంతో సంబంధం లేకుండా ప్రజాజీవితంలోనే కృషిచేసిన మహనీయుడు మోక్షగుండం విశ్వేశ్వరయ్య. ఆయన పూర్వికులది ఆంధ్రప్రదేశ్‌లోని మోక్షగుండం గ్రామం. ఆయన 1861లో చిక్కబళ్ళాపురం దగ్గరి ముద్దెనహళ్ళిలో జన్మించి, బెంగుళూరు సెంట్రల్ కాలేజీలో చదువుకొన్నాడు. 1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి హైదరాబాదులో వేలాదిమందిని పొట్టన పెట్టుకొంది. మరుసటి సంవత్సరం నిజాం ప్రభుత్వం ఆయనను పిలిపించింది. వరదను నగరంలో గోడలతో ఆపడం కంటె, నగరానికి ఎగువనే జలాశయాలలో పట్టి ఉంచడం మేలని ఆయన సూచించాడు. ఆ విధంగా ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ ఏర్పడ్డాయి. ప్రాణాలు తీసిన నీరే తాగునీరయింది. మైసూరులో కృష్ణరాజసాగరం పని 1911లో మొదలైనప్పుడు సిమెంటుకు బదులు సున్నం, ఇటుకపొడి కలిపిన సుర్కీని వాడారు. ఆ ఆనకట్ట ఈనాటికీ నిలిచి ఉన్నది. 1955లో ఆయనకు భారతరత్న లభించింది. ఆయన పుట్టినరోజైన సెప్టెంబరు 15ను ఇంజనీర్ల దినోత్సవంగా జరుపుకొంటున్నాం.

ఇంజనీరింగు చాలాకాలం మగవారి విద్యగానే ఉండేది. తెలుగింటి ఆడపడుచు అయ్యలసోమయాజుల లలిత ఆ అడ్డుగోడను దాటింది. పద్దెనిమిదేళ్ళకే భర్తను కోల్పోయిన ఆమె, పసిపాపను పెంచుకొంటూనే మద్రాసులోని గిండీ ఇంజనీరింగు కళాశాలలో విద్యుత్ శాఖలో పట్టం పొందింది. భాక్రా నంగల్ ప్రాజెక్టు విద్యుత్తు పనుల రూపకల్పనలో ఆమె కృషి ఉన్నది.

సైనిక ఇంజనీరుకు, పౌర ఇంజనీరుకు లెక్కలు ఒకటే. తేడా కాలంలో ఉన్నది. ఆనకట్ట కట్టేవాడు వందేళ్ళకు ఒకసారి వచ్చే వరదను కూడా ఊహించి, నెమ్మదిగా, గట్టిగా కట్టాలి. సైనిక ఇంజనీరు తెల్లవారేలోగా వంతెన వేయాలి. అందుకు సాధనం బెయిలీ వంతెన. రెండవ ప్రపంచయుద్ధకాలంలో డొనాల్డ్ బెయిలీ దీనిని రూపొందించాడు. పది అడుగుల పొడవు, అయిదడుగుల ఎత్తు గల ఉక్కు చట్రాలను ఆరుగురు మనుషులు మోయగలరు. వాటిని మేకులవంటి చీలలతో కలుపుతారు. వంతెనను ఒక ఒడ్డునే కూర్చి, దొర్లే ఇరుసులపై ఉంచి ఎదుటి ఒడ్డుకు నెడతారు. ముందుభాగం తేలికగా, వెనుకభాగం బరువుగా ఉండడంవల్ల అది నదిలోకి ఒరిగిపోదు.

2024 జూలై 30న కేరళలోని వయనాడు జిల్లాలో కొండచరియలు విరిగిపడి వందలాదిమంది మరణించారు. చూరల్‌మల వద్ద వంతెన కొట్టుకొనిపోయి, ముండక్కై గ్రామానికి దారి తెగిపోయింది. శిథిలాల కింద చిక్కినవారిని వెదకడానికి యంత్రాలు అవతలికి చేరాలి. బెంగుళూరు నుంచి వెళ్ళిన మద్రాస్ సాపర్లు వానలో, బురదలో రాత్రింబగళ్ళు శ్రమించి, 190 అడుగుల బెయిలీ వంతెనను ఆగస్టు 1 నాటికి పూర్తిచేశారు. ఈ పనికి ముందు నిలిచిన ఇంజనీర్లలో మేజర్ సీతా షెల్కే ఒకరు. ఇరవైనాలుగు టన్నుల బరువు మోయగల ఆ వంతెన మీదుగా అంబులెన్సులు, తవ్వే యంత్రాలు అవతలికి సాగాయి. యుద్ధం కోసం పుట్టిన విద్య ఆనాడు ఊరి ప్రజలను ఆదుకొన్నది.

ఈనాడు ఇంజనీర్ల పని ఇంకా విస్తరించింది. 1940లో బెంగుళూరులో స్థాపించిన విమాన కర్మాగారం నేడు హెచ్.ఎ.ఎల్. అనే పేరుతో ప్రసిద్ధమైంది. కోట హరినారాయణ నాయకత్వంలో రూపొందిన తేజస్ యుద్ధవిమానం 2001 జనవరి 4న ఈ నగరం మీదనే తొలిసారి ఎగిరింది. ఇక్కడే తయారయ్యే ఉపగ్రహాలు తుపాను రాకను జాలరులకు ముందే తెలుపుతున్నాయి.

ఇంజనీరు కూడిక తప్పితే కాగితం మీద ఎవరికీ నొప్పి కలగదు. కాని ఆ వంతెన మీద నడిచేవారు, ఆ ఆనకట్ట దిగువన నిద్రించేవారు ఆ లెక్కను నమ్ముకొని ఉంటారు. తామెన్నడూ చూడని మనుషుల ప్రాణాలు తమ చేతిలో ఉన్నాయని ఎరిగి పనిచేసేవారే నిజమైన ఇంజనీర్లు. నేడు బడిలో గణితం, విజ్ఞానశాస్త్రం శ్రద్ధగా నేర్చుకొనే బాలబాలికలలో కొందరు రేపు ఈ బరువును మోయవలసినవారే.