తొమ్మిది గంటల మజిలీ

పూర్వము కాశీయాత్రకు బయలుదేరిన మన పెద్దలకు మజిలీ యనగా ఒక చెట్టునీడ, మూడు రాళ్ల పొయ్యి, ఎద్దులకింత మేత. నేటి గృహిణికి మఱియొక విధమైన మజిలీ యేర్పడినది. కూతురి పురిటికనియో, కొడుకు కాపురము చూచి రావలెననియో హైదరాబాదు నుండి ఆస్ట్రేలియాకు బయలుదేరిన తల్లి త్రోవలో సింగపూరున దిగి, రెండవ విమానమునకై అయిదు గంటలో, తొమ్మిది గంటలో, ఒక్కొక్కప్పుడు పగలెల్లనో వేచియుండవలసివచ్చును. ఆ కాలము విమానాశ్రయములోనే కూర్చుండుటయా, ఊరు చూచివచ్చుటయా? తోడు లేని స్త్రీకి ఇది చిన్న ప్రశ్న గాదు.

సోదరీమణులారా! ఈ ప్రశ్నకు మనలో రెండు తెఱగుల వారు రెండు తొందరపాటు జవాబులు చెప్పుచుందురు. "మనకెందుకమ్మా, పోయే పని చూచుకొందము" అని కొందఱు కుర్చీ విడువరు. "ఇంత దూరము వచ్చి చూడకపోవుటయా" అని మఱికొందఱు గడియారమైన జూడక బయటపడుదురు. మొదటివారిది భయము, రెండవవారిది సరదా. రెండును లెక్క కావు. నేనీ త్రోవను రెండు మాఱులు పోయితిని. ఒక మాఱు వెలుపలికి వెళ్లితిని, ఒక మాఱు వెళ్లలేదు. రెండు మాఱులును లెక్క జూచుకొనియే నిర్ణయించుకొంటిని. ఆ లెక్కనే మీకు చెప్పదలచినాను.

మొదట చూడవలసినది అనుమతి. సింగపూరు ప్రవేశించుటకు భారతీయులకు వీసా కావలెను. అయితే ఆస్ట్రేలియా, అమెరికా, కెనడా, బ్రిటను మొదలగు కొన్ని దేశముల వీసా గలిగి, వేఱొక దేశమునకు బోవుచు, 96 గంటలలో సింగపూరు విడుచు టికెట్టు చేతనున్నవారిని కొన్ని షరతులకు లోబడి వీసా లేకయే రానిచ్చు ఏర్పాటొకటి కలదు. ఆ షరతులు మనకు వర్తించునో లేదో బయలుదేరుటకు ముందే తెలిసికొనవలెను. ప్రవేశ పత్రమును చేరుటకు మూడు దినముల లోపల ఇంటియొద్దనే, రుసుము లేకయే, పూర్తిచేసి పంపవచ్చును. ఎన్ని కాగితములున్నను చివరి మాట అచ్చటి అధికారిదే. ఆయన వలదన్నచో మాఱు మాటాడక లోపల కూర్చుండవలసినదే.

రెండవది సామాను. పెట్టెలు తిన్నగా మనము చేరవలసిన యూరికే పోవునా యని హైదరాబాదులో అప్పగించునప్పుడే అడిగి, వానికి కట్టిన చీటీమీద ఏ యూరి పేరున్నదో కన్నులార చూచుకొనవలెను. రెండు విమానములకును టికెట్లు వేఱువేఱుగా కొన్నచో, పెట్టెలను మనమే తీసికొని మరల అప్పగింపవలసి రావచ్చును. అప్పుడు దొరకిన తీరిక యంతయు దానికే చెల్లును. ఇంకొక మాట. ఒకే టికెట్టు మీద పోవువారికి మొదటి విమానము ఆలస్యమై రెండవది తప్పినచో, మఱియొక విమానమున చోటు చూపుట సంస్థవారి వంతు. ఊరు చూడబోయి మనము ఆలస్యమైనచో తప్పును మనదే, ఖర్చును మనదే.

మూడవది కాలము. తొమ్మిది గంటల మజిలీ యనగా తొమ్మిది గంటల తీరిక యని భ్రమపడరాదు. ఈ లెక్కను వెనుకనుండి కట్టవలెను. మొదటి ప్రయాణమున నేను ఉదయము 7 గంటలకు దిగితిని. రెండవ విమానము సాయంకాలము 4 గంటలకు. విమానము బయలుదేరు వేళ వేఱు, ఎక్కు ద్వారము మూయు వేళ వేఱు. కావున 3 గంటలు ముందుగా, అనగా ఒంటిగంటకే, తిరిగి చేరవలెనని నియమము పెట్టుకొంటిని. దిగి, వరుసలో నిలిచి, పాసుపోర్టు చూపి బయటపడుటకు 1 గంట. ఊరిలోనికి పోవుటకు 1 గంట, మరలివచ్చుటకు 1 గంట. మొత్తము 6 గంటలు పోగా మిగిలినవి 3. తొమ్మిదింటిలో మనవి మూడే! ఇట్లు కట్టగా 2 గంటలైన మిగులనిచో కదలకుండుటయే మేలు.

గడియారము మాటయు మఱవరాదు. సింగపూరు కాలము మన కాలముకంటె రెండున్నర గంటలు ముందు. చేతి గడియారము త్రిప్పుకొనని యిల్లాలు "ఇంకను పదిన్నరయే గదా" యని బజారున నిలిచియుండగా, అచ్చట ఒంటిగంట కొట్టును.

ఆ మూడు గంటలలో నేను చేసినది చెప్పెదను. చాంగీ విమానాశ్రయము నుండియే మెట్రో రైలు కలదు. ఎక్స్‌పో స్టేషనులో బండి మాఱి లిటిల్ ఇండియాలో దిగితిని. సెరంగూన్ వీధిలో పూలదండలు, కరివేపాకు, ములగకాడలు చూడగానే పరదేశమను బెదురు సగము తీఱినది. అదే వీధిలో శ్రీనివాస పెరుమాళ్ కోవెల యున్నది. మధ్యాహ్నము తలుపులు మూయుదురు గావున ముందుగా దర్శనము చేసికొని, తరువాత ఫలహారము చేసితిని. ముప్పదియేండ్లుగా ఇంటివారి వేళలకు నా వేళను కుదుర్చుకొన్నదానను. ఎవరికిని వడ్డింపనక్కఱలేని ఆ మూడు గంటలు నాకు ఒక పండుగవలె నుండెను. పండ్రెండు కాగానే మరల బండి యెక్కితిని.

వెలుపలికి పోవువారు పాసుపోర్టు, బోర్డింగు పాసు, నిత్యము వేసికొను మందులు, కొద్ది డబ్బు దగ్గఱ నుంచుకొనవలెను. చూయింగు గమ్ము దిగుమతి అచ్చట 1992 నుండి నిషిద్ధము. నమలు పొగాకును నిషిద్ధమే గావున తాంబూలమున జర్దా వేసికొను అలవాటు గలవారు దానిని ఇంటనే విడిచి రావలెను. మెట్రో రైలులో తినుటయు త్రాగుటయు తగదు. జరిమానా 500 సింగపూరు డాలర్ల వరకు ఉండును. చేతిసంచిలో నీళ్లు, నెయ్యి, ఊరగాయ వంటివి ఒక్కొక్క సీసాలో 100 మిల్లీలీటర్లకు మించినచో తనిఖీలో తీసివేయుదురు. ఒంటరిగా తిరుగ జంకువారికి విమానాశ్రయము వారే నడుపు ఉచిత నగర సందర్శనము కలదు. దానికి మజిలీ కనీసము అయిదున్నర గంటలుండవలెను. ప్రవేశానుమతి దానికిని కావలసినదే.

ఇక రెండవ ప్రయాణము. అమ్మాయికి నెలలు నిండినవి. నొప్పులు ఏ క్షణముననైన రావచ్చునని వైద్యురాలు చెప్పినది. మజిలీ 5 గంటలు. నా లెక్క ప్రకారము 6 గంటలు ఖర్చులకే పోవును గావున వెలుపలికి పోవు మాటయే లేదు. నిజము చెప్పవలెనన్న, పది గంటలున్నను ఆనాడు నేను కదలియుండను. ఒక విమానము తప్పినచో తరువాతిది మఱునాటికి గాని దొరకకపోవచ్చును. ఊరు మఱియొకప్పుడు చూడవచ్చును. తొలి కానుపు వేళ తల్లికొఱకు చాచిన చేతిని మఱియొకప్పుడు పట్టుకొనజాలము. కావున లెక్కలో గంటలే గాక, తప్పినచో ఏమి పోవునో అదియు వేసికొనవలెను.

లోపల నుండిపోయినంత మాత్రమున ఏమియు చూడలేదని చింతింప పనిలేదు. మూడవ టెర్మినలులో సీతాకోకచిలుకల తోట యున్నది. పచ్చని యాకుల నడుమ కొంతసేపు కూర్చుండగా ప్రయాణపు బడలిక తీఱినది. 2019లో తెఱచిన జ్యుయెల్ భవనమున 40 మీటర్ల యెత్తునుండి పడు జలపాతము కలదు. ఆ భవనము సరిహద్దు తనిఖీకి వెలుపలిది. అయినను టెర్మినళ్ల నడుమ తిరుగు చిన్న రైలు దాని ప్రక్కగా పోవును గావున, అద్దములో నుండి ఆ నీటిధారను చూచి చేతులు జోడించితిని.

మెల్బోర్ను చేరిన మూడవ రాత్రి మనుమరాలు పుట్టినది. అమ్మాయి నా చేయి విడువలేదు.

సోదరీమణులారా! మీరు వెళ్లినచో "తెగించి వెళ్లితిని" అనవలదు, కూర్చున్నచో "భయపడి కూర్చుంటిని" అనవలదు. ఇంటి ఖర్చులను కాసు తప్పక కట్టుచున్న మనకు గంటల లెక్క యొక లెక్కా? కాగితము మీద కట్టి చూచుకొనుడు. ఆ లెక్క చెప్పినట్లు నడువుడు.