క్లోరిన్ వేసినా పూల్ ఎందుకు పచ్చబడుతోంది?

పాతబస్తీలో పూల్ ఎక్కడిది అనకండి. డాబా మీద చిన్న పూల్ పెట్టుకున్నోళ్లు నన్ను అడిగేది ఇదే: బ్లీచింగ్ పౌడర్ వేస్తూనే ఉన్నాం, నీళ్లు మళ్లీ పచ్చగా అవుతున్నాయి, ఎందుకు?

పీహెచ్ చూశారా? 7.5 దగ్గర క్లోరిన్‌లో దాదాపు సగం గట్టిగా పనిచేస్తుంది. 8కి చేరితే సుమారు పావు వంతే. బ్లీచింగ్ వేసినకొద్దీ పీహెచ్ ఇంకా పెరుగుతుంది, అదీ తిరకాసు! పైగా మన ఎండకి క్లోరిన్ గంటల్లో ఎగిరిపోతుంది. నేనైతే సాయంత్రమే వేస్తా.

పీహెచ్ 7.2–7.8, క్లోరిన్ లీటరుకు 1–3 మిల్లీగ్రాములు ఉండాలి. టెస్ట్ స్ట్రిప్ ముంచితే రెండూ తెలుస్తాయి.

పీహెచ్ తగ్గించే యాసిడ్‌ని మాత్రం బ్లీచింగ్‌తో ఒకే బకెట్‌లో కలపొద్దు. విషవాయువు వస్తుంది, ప్రాణం మీదికొస్తుంది. పిల్లలు దిగేముందు మళ్లీ స్ట్రిప్ ముంచండి.