అలారం నోరు నొక్కితే...

సీటు బెల్టు పెట్టుకోకపోతే కారులో అలారం మోగుతుంది. బెల్టు పెట్టుకోవడం మాని, దాని స్థానంలో ఓ క్లిప్పు దూర్చి అలారం నోరు నొక్కేవారున్నారు. ఆ క్లిప్పుల అమ్మకం ఆపాలని 2023లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఐదు ఆన్‌లైన్ వ్యాపార సంస్థలను ఆదేశించింది. అలారం ఆగితే ప్రమాదం ఆగుతుందా? కారు గుద్దుకుని ఆగినా లోపలివారు అదే వేగంతో ముందుకు దూసుకుపోతారు. పట్టి ఆపేది బెల్టే!

మనస్సాక్షి దేవుడు మనలో అమర్చిన అలారం. అది మోగితే పశ్చాత్తాపపడాల్సిన మనం, 'అందరూ చేసేదేగా' అనుకునో, మరికాస్త కానుక వేసో దాన్ని ఊరుకోబెడుతుంటాం. నాతాను ప్రవక్త గద్దించినప్పుడు దావీదు రాజు తలచుకుంటే ఆయన నోరు మూయించగలిగేవాడే. కానీ పాపం ఒప్పుకుని క్షమాపణ పొందాడు (2 సమూ 12:13). అలారం మోగేది మనల్ని విసిగించడానికి కాదు, బతికించడానికి!