మల్లెతోటలో ఆకు పాలిపోవుట: కారణములు, నివారణ

మల్లె ఒకసారి నాటినచో పదేళ్లకు పైగా పూలనిచ్చు పైరు. అర ఎకరము భూమి గల రైతునకు కూడ వేసవి నెలలలో ప్రతిదినము చేతికి రొక్కమునిచ్చును. ఎన్టీఆర్ జిల్లా మైలవరం ప్రాంతమున అనేక కుటుంబములు తెల్లవారకముందే మొగ్గలు కోసి బజారునకు పంపి జీవించుచున్నవి. పొద చచ్చినచో దాని స్థానమున మరియొకటి నాటి పూర్తి దిగుబడి పొందుటకు రెండేళ్లకు తక్కువ పట్టదు. కావున ఉన్న పొదను కాపాడుకొనుటయే లాభము.

తోటలో ఆకు పసుపు రంగుకు తిరుగగానే చాలమంది రైతులు యూరియా చల్లుదురు, లేదా నీరు ఎక్కువ పెట్టుదురు. ఇది పొరపాటు. ఆకు పాలిపోవుటకు కారణములు పెక్కు కలవు. ఒకదానికి మందైనది మరియొకదానికి కీడగును. వేరు కుళ్లుచున్న పొదకు నీరు పెంచినచో అది మరింత త్వరగా చచ్చును. కావున మందు కొనుటకు ముందు ఏ ఆకు ముందుగా పాలిపోయినదో చూడవలెను.

లేత ఆకులు పాలిపోయినచో

చివురాకులు పసుపుగా మారి, ఈనెలు మాత్రము ఆకుపచ్చగా నిలిచినచో అది ఇనుము లోపము. లోపము ముదిరినచో లేత ఆకులు తెల్లబడి అంచులు మాడును. సున్నము ఎక్కువగా గల భూములలో ఇది తరచు కనిపించును. అట్టి నేలలో ఇనుము లేకపోదు, కాని వేరు పీల్చుకొనలేని రూపమున ఉండును. ముదురాకులోని ఇనుము కొత్త ఆకునకు పోజాలదు. అందుచేత ముందుగా లేత ఆకే పాలిపోవును.

ఇట్టి నేలలో అన్నభేదిని పాదులో వేసిన ఫలితము స్వల్పము. దానిని ఆకులపై చల్లవలెను. పది లీటర్ల నీటిలో మొదట 10 గ్రాముల నిమ్మ ఉప్పును, పిదప 50 గ్రాముల అన్నభేదిని కరిగించి, సాయంకాలమున ఆకులు తడియునట్లు చల్లవలెను. వారము, పది దినముల ఎడముతో రెండు మూడు సార్లు చల్లినచో కొత్త ఆకులు పచ్చగా వచ్చును. ద్రావణమును ఏ పూటకాపూట కలుపుకొనవలెను. తుప్పు రంగుకు తిరిగినది పనికిరాదు.

ముదురాకులు పాలిపోయినచో

క్రింది ఆకులు ఈనెలతో సహా ఒకే విధముగా పాలిపోయి, పొద ఎదుగుదల మందగించినచో నత్రజని లోపమని అనుమానింపవచ్చును. నత్రజని ముదురాకు నుండి చివురునకు తరలిపోవును. కత్తిరింపులు చేసిన వెంటనే పొదకు 10 కిలోల పశువుల ఎరువు వేయవలెను. సాలుకు పొదకు 60 గ్రాముల నత్రజని, 120 గ్రాముల భాస్వరము, 120 గ్రాముల పొటాషు నిచ్చు ఎరువులను రెండు సమభాగములు చేసి, కత్తిరింపులైన పిమ్మట ఒకసారి, జూన్–జులై నెలలలో మరియొకసారి వేయవలెను.

అయితే ఎరువు వేయుటకు ముందు మొదలు వద్ద మట్టి తీసి చూచుట మరువరాదు. మొదలు బెరడు మెత్తబడి, తెల్లని బూజు దారములును, ఆవగింజల వంటి గోధుమరంగు గింజలును కనిపించినచో అది వేరుకుళ్లు తెగులు. ఎండిన పొదను వేళ్లతోను, చుట్టునున్న మట్టితోను తీసి తోట వెలుపల తగులబెట్టవలెను. నిలిచిన నీటిని కాలువల ద్వారా తీసివేయవలెను. చుట్టుప్రక్కల పొదల మొదళ్లు తడియునట్లు, లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడు కలిపి పోయవలెను.

వేళ్లపై ముడులు కనిపించినచో అవి నులిపురుగుల వలన కలిగినవి. పాదులలో వేపపిండి వేసి, వరుసల నడుమ బంతి పెంచుట మేలు.

ఆకుపై చుక్కలు కనిపించినచో

ఎండలు ముదిరినపుడు ఆకు పైభాగమున సన్నని పసుపు చుక్కలు, అడుగున సాలెగూడు వంటి దారములు కనిపించినచో అది ఎర్రనల్లి. లీటరు నీటికి 3 గ్రాముల నీటిలో కరిగే గంధకమును కలిపి ఆకుల అడుగుభాగము తడియునట్లు చల్లవలెను. మిట్టమధ్యాహ్నపు ఎండలో చల్లరాదు, ఆకు మాడును. ఏ మందైనను కోతకు వచ్చిన మొగ్గలు కోసిన పిమ్మటనే చల్లవలెను.

రైతు సోదరులారా! వారమునకొకసారి తోటలో తిరిగి నాలుగైదు పొదల వద్ద కూర్చుండి చివురు, ముదురాకు, ఆకు అడుగు, మొదలు, ఈ నాలుగింటిని చూడుడు. కారణము తెలియనిచో ఆకులు, వేళ్లు గల కొమ్మను తీసుకొని వ్యవసాయ లేక ఉద్యాన అధికారికి చూపుడు. ఆ తరువాతనే మందు కొనుడు.