ఏది ముందు? ఏది తరువాత?

దేవరకొండ ప్రాంతమువారికి పుట్టంగండి తెలిసినదే. నాగార్జునసాగర జలాశయపు నీటిని అక్కడి పంపులు ఎత్తి అక్కంపల్లి జలాశయమునకు చేర్చును. అందులో కొంత కోదండాపురములో శుద్ధియై హైదరాబాదునకు పోవును. ఇట్టి వరుసలో ముందు మెట్టునుండి నీరు రాకుండ తరువాతి పంపును నడిపినచో అది వట్టిగా తిరిగి చెడిపోవును. కంప్యూటరులోను ఇట్టి క్రమము అవసరము.

కంప్యూటరు మొదలు కాగానే తెర వెనుక అనేక 'సేవలు' లేచును. ఒకటి నెట్‌వర్కును కలుపును. మరొకటి డేటాబేసును నడుపును. లినస్ టోర్వాల్డ్స్ 1991లో ఆరంభించిన లినక్సులో సాఫ్ట్‌వేరు 'ప్యాకేజీ' అను మూటగా వచ్చును. ఆ మూటను విప్పి అమర్చునపుడే అందలి సేవ ఎప్పుడు లేవవలెనో నమోదు కావలెను. తెలుగు లినక్సు 'స్వేచ్ఛ'కు ఆధారమైన డెబియన్‌లో ఈ పని చేయు సాధనము 'అప్‌డేట్-ఆర్‌సి.డి'.

పూర్వము ప్రతి సేవకు ఒక అంకె ఉండెడిది. చిన్న అంకె ముందు. అంకె చెప్పనిచో 20. అంకెలు సమానమైనచో ఇంగ్లీషు అక్షరక్రమమే గతి. మార్కులు చూపు సేవ పేరు 'ఎ'తోను, దానికి కావలసిన డేటాబేసు పేరు 'ఎమ్'తోను మొదలైనచో మార్కుల సేవయే ముందు లేచి, డేటాబేసు దొరకక ఆగిపోవును. అక్షరక్రమమునకు అవసరము తెలియదు గదా!

2011లో వచ్చిన డెబియన్ 6లో ఈ పద్ధతి మారినది. ప్రతి సేవ తనకు ఏవి కావలెనో తానే చెప్పును. వరుసను సాధనము లెక్కించును. ఇట్టి లెక్కకు 1962లో ఎ. బి. కాన్ ప్రకటించిన ఉపాయము సులభమైనది. ఏ అవసరమును మిగలని పనిని ముందు తీసికొనుము. ఇతర పనుల జాబితాలనుండి దానిని కొట్టివేయుము. మరల అట్లే చేయుము. పనులు మిగిలియుండియు తీసికొనదగినది లేనిచో, అవి ఒకదానికొకటి కాచుకొని చక్రములో చిక్కినవన్నమాట.

2015నాటి డెబియన్ 8 నుండి 'సిస్టమ్‌డి' వాడుకలోనికి వచ్చినది. ఇందులో 'కావలెను' వేరు, 'తరువాత' వేరు. మొదటిది మాత్రమే వ్రాసినచో రెండు సేవలును ఒకేసారి బయలుదేరును. అంతేకాదు, మోటారు తిరుగుట వేరు, నీరు చేరుట వేరు. అట్లే సేవ మొదలగుట వేరు, సిద్ధమగుట వేరు.

బడి గేటు తీయుట, గంట, ప్రార్థన, హాజరు, పాఠము - వీనిలో దేనికి ఏది కావలెనో నల్లబల్లపై బాణములతో గీసి చూడుడు. అంకెలు వేయకనే వరుస దానంతట అదే తేలును.